ఆడవాళ్ళ వార్డు

"మగవాళ్ళంతా బయటికి! టైమైంది, మగవాళ్ళంతా బయటికి!"

వార్డు తలుపు దగ్గర నిలబడి కాపలా ఆవిడ తాళంచెవుల గుత్తితో ఇనుప మంచం కోడును టంగుటంగున కొడుతోంది. స్టూళ్ళ మీద కూర్చున్న కొడుకులూ మొగుళ్ళూ అన్నదమ్ములూ ఒక్కొక్కరే లేచారు. ఖాళీ క్యారియర్లు సర్దుకుని, పొద్దున్నే వస్తామని చెప్పి, చెప్పులు ఈడ్చుకుంటూ తలుపు వైపు నడిచారు.

రాయుడు లేవలేదు. తల్లి కాలి కింద దిండు కుదరడం లేదు. తుంటి విరిగిన మనిషికి మోకాలి కింద ఎత్తు చాలకపోతే నొప్పి నడుముదాకా పాకుతుందని నర్సు చెప్పి వెళ్ళింది. రాయుడు దుప్పటిని మూడు మడతలు పెట్టి, ఒక చేత్తో కాలిని గాజుసామానులా పట్టుకుని, రెండో చేత్తో మడతను దిండు కిందికి తోస్తోంది. మధ్యాహ్నం డిపోలో బస్సు కింద పడుకుని ఉండగా కబురొస్తే ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చిన మనిషి. చొక్కా మీద గ్రీజు మరకలు అలాగే ఉన్నాయి.

"ఏం బాబూ, నీకు ప్రత్యేకంగా చెప్పాలా?"

"నేను ఈవిడ కూతుర్నండి," అంది రాయుడు తలెత్తకుండానే. "రాత్రికి నేనే ఉంటాను."

కాపలా ఆవిడ దగ్గరికొచ్చింది. రాయుడిది చెవుల పక్కన నెరుస్తున్న పొట్టి జుట్టు, మోచేతులదాకా మడిచిన నీలం చొక్కా, ప్యాంటు, తోలు బూట్లు. పైనుంచి కిందిదాకా, మళ్ళీ కిందినుంచి పైదాకా చూసింది.

"కూతురివా? ఆ పరాచికాలు నా దగ్గర కాదు." మంచం వైపు వంగింది. "పెద్దమ్మా! ఇదుగో పెద్దమ్మా! ఇతను నీకేమవుతాడు?"

తల్లికి నొప్పి తెలియకుండా ఇచ్చిన మందు కళ్ళనిండా ఉంది. రెప్పలు సగం ఎత్తి, ఎదురుగా ఉన్నది ఎవరో కూడా ఆనక, అడిగినదానికి జవాబు చెప్పింది.

"మా పెద్దబ్బాయి."

ఆ మాట ఆవిడ నోట కొత్తది కాదు. అద్దె ఇంటివాళ్ళ దగ్గర, కొట్టువాళ్ళ దగ్గర, పక్క వాటాలో కొత్తగా దిగినవాళ్ళ దగ్గర, ఎవరు అడిగినా ఆవిడ అదే చెప్పేది. రాయుడు పక్కనే నిలబడి వినేది. ఇన్నాళ్ళూ తలుపులు తెరిపించిన మాట ఇప్పుడు ఆమెను బయటికి పంపుతోంది.

"అమ్మా, సరిగ్గా చూసి చెప్పు," అంటూ వంగింది. తల్లి అప్పటికే మగతలోకి జారిపోయింది.

"విన్నావుగా. ఇక నడువు," అంది కాపలా ఆవిడ.

దిండు కింద మడత సగమే వెళ్ళింది. రాయుడు దాన్ని అలాగే వదిలి లేచింది.

*

పొద్దున్నే తలుపు తీయగానే మొదట లోపలికి వెళ్ళింది ఆమే. మంచం దగ్గరికి రాకముందే వాసన తెలిసింది. తల్లి గోడ వైపు తల తిప్పుకుని ఉంది. కింద పక్కగుడ్డ తడిసి, అంచుల దగ్గర ఆరిపోయి, మధ్యలో ఇంకా చెమ్మగా ఉంది.

"చాలాసార్లు పిలిచారండీ," అంది పక్క మంచం మీది అమ్మాయి మెల్లగా. ఆ అమ్మాయికి రెండు కాళ్ళకీ కట్లే. "ఆయాకి పై వార్డు కూడా చూసుకోవాలట. ఎంతకీ రాలేదు. నేనేమో లేవలేను, మా అత్తయ్య ఇంటికెళ్ళింది."

రాయుడు బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. చేతులు మోచేతులదాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. తల్లిని ఒక పక్కకి కొంచెం ఒరిగించి, విరిగిన కాలు కదలకుండా తన తొడను ఆనిచ్చి, తడిసిన గుడ్డను వీపుదాకా చుట్టి, ఆ చుట్ట పక్కనే కొత్త గుడ్డ పరిచి, అటునుంచి లాగింది. తల్లి పళ్ళు బిగబట్టింది గానీ అరవలేదు.

"ఏమండీ." పక్క మంచం అమ్మాయి అత్తగారు అప్పుడే క్యారియరుతో వచ్చి నిలబడింది. "కాస్త ఆ తెర లాక్కోండి. ఆడవాళ్ళుండే చోట మగమనిషి ఆ పనులు చేస్తుంటే చూడ్డానికి మాకే సిగ్గుగా ఉంది."

రాయుడు తెర లాగింది.

తెర లోపల తల్లి మొహం ఇటు తిప్పింది. "రాత్రి నువ్వెందుకు ఉండలేదే?"

అడిగిన గొంతులో కోపం లేదు. చిన్నపిల్ల అడిగినట్టు ఉంది. నిన్న తానేమన్నదో ఆవిడకి బొత్తిగా గుర్తు లేదని రాయుడికి అర్థమైంది. నువ్వే కదమ్మా అని నోటిదాకా వచ్చింది. తువ్వాలు పిండి, తల్లి మెడ కింద తుడిచింది.

"ఉండనివ్వలేదు."

"ఎందుకని?"

"మగవాళ్ళని ఉంచరట."

తల్లి ఆమె మొహంలోకి చూసింది.

*

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. తల్లిని పలకరించి, నర్సుతో మాట్లాడి, అక్కను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అతని భార్య పచ్చి బాలింత. ఆ ఇంటినుంచి ఎవరూ వచ్చే వీలు లేదు.

"ఎల్లుండి ఆపరేషన్ అన్నారక్కా. అప్పటిదాకానూ, ఆ తర్వాతానూ రాత్రిళ్ళు ఆడమనిషి ఉండి తీరాలట."

"నేనున్నాగా."

"ఉన్నావు. కానీ..." చేతిలోని సంచీని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "నేనొకటి చెప్తాను, కోప్పడకు. ఇందులో మీ మరదలి గౌను ఉంది. పొడుగు చేతులది. తలకి కట్టుకునే గుడ్డ కూడా పెట్టింది. నాలుగు రోజులేగా అక్కా. ఏదో వేషం అనుకో."

"ఎవరి వేషం?"

"ఆడదాని..." తమ్ముడు ఆగిపోయాడు.

"నేను ఆడదాన్నే కదరా," అంది రాయుడు. "ఆడదాని వేషం వేయడమేమిటి?"

అతను మెట్ల కమ్మీ వైపు చూస్తూ నిలబడ్డాడు. బడికి వెళ్ళే రోజుల్లో వీధి చివరిదాకా అక్క చెయ్యి పట్టుకుని నడిచి, బడి పిల్లలు కనబడగానే ఆ చెయ్యి వదిలేసేవాడు. అప్పుడూ ఇలాగే పక్కకి చూసేవాడు. రాయుడికి అతని మీద కోపం రాలేదు. రాత్రంతా తడిలో పడుకున్న తల్లి వీపు కళ్ళముందు ఉంది. సంచీ అందుకుంది.

డిపోలో సగంలో వదిలేసిన పని ఒకటుంది. సాయంత్రం ఆ బస్సు రోడ్డెక్కాలి. రాయుడు వెళ్ళి, బ్రేక్ డ్రమ్ము లోపలి షూలకి కొత్త లైనింగు బిగించింది. రివెట్లు ఒక్కొక్కటే కొట్టి, వేలి కొసతో తడిమి, ఎక్కడా ఎత్తు లేదని చూసుకుంది. షెడ్డులో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. చేరిన కొత్తలో మగరాయుడు అని వెక్కిరించేవాళ్ళు. అని అని 'మగ' అరిగిపోయింది, వెక్కిరింపూ అరిగిపోయింది, రాయుడు మిగిలింది. "రాయుడు వచ్చిందా?" "రాయుడు చూసిందిలే, ఇక బండి తియ్యి." వినేవాళ్ళకి ఆ పేరూ ఆ క్రియా పొసగవేమోగానీ షెడ్డులో ఎవరికీ నోరు తడబడేది కాదు.

పని అయ్యాక కిరోసిన్‌తో చేతులు కడుక్కుని, సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గౌను భుజాల దగ్గర బిగుతు. చేతులు పైకెత్తితే చంకలో కుట్టు పటుక్కుమంది. తలగుడ్డ ఎలా కట్టుకోవాలో తెలియక రెండుసార్లు విప్పి కట్టింది. అన్నిటికన్నా, ఎక్కడా జేబు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బయటికొచ్చేసరికి సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. మేస్త్రి మాత్రం చేతిలో స్పానరుతో నాలుగడుగులు ఎదురొచ్చాడు.

"రాయుడూ, ఇదేమిటి?" అన్నాడు. మళ్ళీ తనే గొంతు తగ్గించి, "అమ్మ కోసమా?" అన్నాడు.

ఆమె తలూపింది.

"గేటుదాకా వస్తాను పద," అని పక్కన నడిచాడు. గేటుదాకా అతను ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అది మర్యాదేనని ఆమెకు తెలుసు.

*

కాపలా ఆవిడ మొదట చూసీ చూడనట్టే వదిలేసింది. రాయుడు తలుపు దాటి లోపలికి రెండడుగులు వేసింది కూడా. ఆమె నడక పట్టిచ్చింది. వెనకనుంచి తాళంచెవుల చప్పుడు వినిపించింది.

"ఆగు! ఇటు తిరుగు!"

తిరిగింది.

"అమ్మో అమ్మో! నిన్నటివాడే! ఆడవేషం వేసుకుని దూరుతున్నాడు చూడండమ్మా!" కాపలా ఆవిడ చెయ్యి చాచి తలగుడ్డ లాగేసింది.

వార్డు వార్డంతా ఇటు తిరిగింది. పక్క మంచం అత్తగారు "పొద్దున్నే అనుకున్నాను, ఏదో తేడాగా ఉందని," అంటూ కోడలి మీద దుప్పటి గొంతుదాకా లాగింది. మందులిచ్చే కిటికీ దగ్గర వరుసలో ఉన్నవాళ్ళు తలుపు దగ్గరికి చేరారు. ఎవరో ఫోను పైకెత్తారు. ఎవరో "పోలీసుల్ని పిలవండి" అన్నారు. నిన్న చొక్కా వేసుకుని ఉన్నప్పుడు గట్టిగా నడువు అన్నారంతే. ఇవాళ వాళ్ళడిగినట్టు తయారై వస్తే దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. రాయుడు చేతులు పక్కన వేలాడేసుకుని నిలబడింది. ఆ చేతులు తనవి కానట్టు ఉన్నాయి.

హెడ్ నర్సు వచ్చింది. చెడ్డ మనిషి కాదు. పొద్దుటినుంచీ కూర్చునే తీరిక లేని మనిషి. కాపలా ఆవిడ చెప్పింది విని, రాయుడి మొహంలోకి చూసి, ఫోను ఎత్తినవాణ్ణి కసిరి దింపిం​చింది.

"మీరు ఆడవాళ్ళేనంటారు, అంతేనా?"

"అంతేనండి. ఆవిడ మా అమ్మ. నేను కూతుర్ని."

"సరే. గొడవెందుకు చెప్పండి? పక్క గదిలోకి రండి. ఒక్క నిమిషం పని. నేను చూసి, అవునని చెప్పేస్తే ఇక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

చూసి అంటే ఏమిటో రాయుడికి వెంటనే తట్టలేదు. తట్టాక మొహమంతా వేడెక్కింది. ఒక్క నిమిషం. తలుపు వేసి, ఈ గౌను గుండీలు విప్పితే చాలు. తల్లి ఇవాళ పొడి పక్క మీద పడుకుంటుంది. ఆమె చెయ్యి మెడ దగ్గరి గుండీదాకా వెళ్ళింది.

"ఇక్కడికొచ్చే ఆడవాళ్ళందర్నీ అలాగే చూసి పంపిస్తారా?" అంది.

"అందరికీ ఎందుకు? చూడగానే తెలుస్తుందిగా."

"నేను నోటితో చెప్తున్నానుగా. అది చాలదా?"

హెడ్ నర్సు నిట్టూర్చింది. "నా కష్టం నాది. రేపు ఇంకెవరైనా కంప్లైంటు ఇస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"చూపించనండి," అంది రాయుడు. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఏమన్నా అనుకోండి. చూపించను."

కింద పడ్డ తలగుడ్డ తీసుకుని దులిపి మడిచింది. జనం పక్కకి తప్పుకున్నారు. మెట్ల మలుపు దగ్గర ఆగి, సంచీలోంచి చొక్కా తీసి గౌను మీదే తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుని, మళ్ళీ పైకొచ్చి, వార్డు బయటి బల్ల మీద కూర్చుంది. లోపలికి రానివ్వకపోతే మానె. ఇక్కడినుంచి లేవమంటే మాత్రం లేవదలచుకోలేదు.

*

లోపల గొంతులు వినబడుతున్నాయి. ముందు ఆయా గొంతు.

"తిరుగు పెద్దమ్మా, బెడ్‌పాన్ పెడతాను. నాకు పైన ఇంకా ఆరుగురున్నారు."

"అక్కర్లేదు." అది తల్లి గొంతు. "నా కూతురొచ్చి పెడుతుంది."

"ఏ కూతురు?"

"ఇందాక మీరంతా కలిసి గుడ్డ లాగి తరిమేశారే, ఆ కూతురు. ఈ పక్క మంచం పిల్ల చెప్పింది నాకు."

తాళంచెవులు గలగలమన్నాయి. "ఏమమ్మా, నిన్న అడిగితే పెద్దబ్బాయి అన్నావు. ఇవాళ కూతురంటావు. మమ్మల్ని పిచ్చివాళ్ళని చేస్తున్నావా? ఏది నిజం?"

రాయుడు బల్ల అంచు పట్టుకుంది. లోపల ఆవిడ గుర్తు చేసుకుంటోందో, గుర్తుచేసుకుని లెంపలేసుకుంటోందో తెలియలేదు. తల్లి మళ్ళీ నోరు విప్పేసరికి ఆ గొంతు వార్డు చివరిదాకా వినబడేలా ఉంది. తుంటి విరిగిన మనిషికి అంత గట్టిగా మాట్లాడితే ఎక్కడెక్కడ పోటు వస్తుందో రాయుడికి తెలుసు.

"నిన్న నేనేమన్నానో నాకు తెలియదు. అని ఉంటాను. అలవాటైన అబద్ధం, మత్తులో కూడా దానంతటదే వచ్చేసింది. మొగుడు పోయి, చంకలో పిల్లాడు, పక్కన ఎదిగిన ఆడపిల్ల. ఎవరిల్లిస్తారు మాకు? దానికి జుట్టు పొట్టిది, నడక అలాంటిది. ఒకచోట మా పెద్దబ్బాయి అని చెప్పి చూశాను, ఇల్లిచ్చారు. రాత్రిళ్ళు ఎవరూ తలుపు తట్టలేదు. ఇంక ఆ మాట వదల్లేదు. లోకం మగరాయుడని వెక్కిరిస్తే ఏడ్చినదాన్ని, నా అవసరానికి నేనే దాన్ని మగాణ్ణి చేశాను. నీకు ఇష్టమేనా అని ఒక్కనాడూ అడగలేదు."

ఎవరో దగ్గారు. తల్లి ఆగలేదు.

"అది చిన్నప్పటినుంచీ అంతే. గౌను తొడిగితే చింపుకునేది. అయితే మాత్రం? ఆడపిల్లంటే మీలాగో నాలాగో ఉండి తీరాలా? నేను కన్నాను దాన్ని. నాకు తెలియనిది మీరు చూసి తెలుసుకుంటారా? అది వస్తే నేను తిరుగుతాను. రాకపోతే ఈ పక్కంతా తడిపేస్తాను, మీరే ఉతుక్కోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పక్క మంచం అమ్మాయి అయ్యుంటుంది. "ఊరుకోవే," అని అత్తగారు కసిరింది.

అడుగుల చప్పుడు దగ్గరైంది. తలుపు తెరుచుకుంది. కాపలా ఆవిడ గుమ్మంలో నిలబడి బల్ల వైపు చూసింది. గౌను మీద చొక్కా, దాని కింద బూట్లు. బాబూ అనడానికి నోరు రాలేదు, అమ్మా అనడానికీ రాలేదు. ఆవిడ వెనక నిలబడ్డ హెడ్ నర్సు చేత్తో లోపలికి సైగ చేసింది.

"రండి," అంది కాపలా ఆవిడ చివరికి, తలుపు పట్టుకుని. క్షమాపణలాంటిదేమీ చెప్పలేదు.

మంచం దగ్గరికి వెళ్ళేసరికి తల్లి నుదుటి మీద చెమట పట్టి ఉంది. కూతురి మొహం చూడలేక పైకప్పు చూస్తోంది.

"ఊపిరి బిగబట్టు," అంది రాయుడు. నడుం కింద చెయ్యి పోనిచ్చి ఎత్తి, పాన్ సర్ది, మెల్లగా దించింది. పక్క తెర సర్రున మూసుకుంది. మూసింది అత్తగారు.

పని అయ్యాక తల్లి చొక్కా కింద వేలాడుతున్న పూల గుడ్డ పట్టుకుని చూసింది. "ఇదేమిటే?"

"మరదలిది."

"నా కోసం వేసుకున్నావా?"

"ఊఁ."

"తీసెయ్. దిష్టిబొమ్మలా ఉన్నావు. నిన్నిలా చూస్తే నాకే భయంగా ఉంది."

రాయుడికి నవ్వొచ్చింది. తల్లికీ వచ్చింది. నవ్వితే తుంటి కలుక్కుమని "అమ్మా" అంటూనే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

కాసేపటికి అడిగింది. "ఇకమీదట ఎవరన్నా అడిగితే నిన్నేమని చెప్పమంటావు?"

"కూతుర్నని చెప్పు."

"నమ్మకపోతే?"

"నమ్మకపోతే వాళ్ళిష్టం," అంది రాయుడు, తల్లి కాలి కింద దుప్పటి మడత సరిచేస్తూ.

*

ఆపరేషన్ అయిన రెండో రోజు పొద్దున తల్లి నిద్రపోతోంది. రాయుడు తన మామూలు చొక్కా ప్యాంటూ వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. పక్క మంచం అమ్మాయి తెర తొలగించి తొంగిచూసింది. ఒక కాలికి ఆ పూటే కట్టు తీశారు.

"అక్కా," అంది. "మా అత్తయ్య వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. తలకి పోసుకుని ఎన్నాళ్ళయిందో. బాత్‌రూమ్‌దాకా కాస్త పట్టుకుంటావా?"

రాయుడు మెల్లగా అడిగింది. "మీ అత్తయ్యకి తెలిస్తే?"

"తెలిస్తే తెలిసింది. ఆవిడేమన్నా మోసుకెళ్తుందా నన్ను?"

ఆ అమ్మాయి ఒక చెయ్యి రాయుడి మెడ చుట్టూ వేసింది. రాయుడు ఆమె నడుం పట్టుకుని బరువంతా తన మీద వేసుకుంది. వార్డు చివరిదాకా ఒక్కో అడుగూ ఆగి ఆగి నడిచారు. ఒకరిద్దరు తలలెత్తి చూశారు. ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది.

ఇలాంటి తలుపులంటే రాయుడికి ఎప్పుడూ గుబులే. బయట ఎక్కడికి వెళ్ళినా లోపల ఎవరూ లేరని తేలేదాకా దూరంగా నిలబడి కనిపెట్టేది. ఎవరైనా ఉంటే ఇంటికి చేరేదాకా ఓర్చుకునేది. డిపోలో చేరిన కొత్తలో నీళ్ళు తాగడమే మానేసింది.

వాళ్ళు చేరేసరికి తలుపు లోపలినుంచి తెరుచుకుంది. వేరే వార్డు మనిషెవరో, తడి తల, చేతిలో బకెట్టు. రాయుణ్ణి చూడగానే బకెట్టు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏయ్, ఎక్కడికి? ఇది ఆడవాళ్ళది!"

రాయుడి పాదం దానంతటదే ఒక అడుగు వెనక్కి పడబోయింది. మెడ మీద అమ్మాయి చెయ్యి బిగుసుకుంది. ఆమె బరువంతా తన మీదే ఉంది. వెనక్కి వేస్తే ఇద్దరూ పడతారు.

"అవునండీ," అంది రాయుడు ఆవిడ కళ్ళలోకి చూస్తూ. "ఆడవాళ్ళదే. కాస్త జరగండి, ఈ పిల్ల నిలబడలేదు."

భుజంతో తలుపు నెట్టి, అమ్మాయిని ముందు గుమ్మం దాటించి, ఆమె వెనకే లోపలికి వెళ్ళింది. కుళాయి తిప్పి, నీళ్ళు వెచ్చబడేదాకా చెయ్యి ధార కింద పెట్టి నిలబడింది.